మునిరత్నం బావ రెక్కలకు రావలసిన మరో ఉత్తర్వు

నిన్న ఉదయం తిరుత్తణి నుంచి అక్క ఫోన్ చేసింది.

"మీ బావ లేడురా" అంది.

"సరే అక్కా" అని పెట్టేశాను. ఐదు నిమిషాల తరువాత నేనే ఫోన్ చేసి "ఇందాక ఏం చెప్పినావు?" అని అడిగాను.

బంధుమిత్రులకు ఈ పోస్టు ద్వారా నా నేరాంగీకారం సమర్పించుకొనుచున్నాను.

ఎనభైల మొదట్లో మునిరత్నం బావ పంపుసెట్ మెకానిక్. మూర్ మార్కెట్‌లో కొన్న పాత ఇంగ్లీషు మ్యాగజైన్‌లోని డ్రాయింగ్ చూసి, ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్క మనిషి కూర్చునే విమానం నిర్మించుచుండెను.

మార్గళి నెల, అదే ధనుర్మాసం, చలికి షెడ్డులో బంక ఆరేది కాదు. బావ, అక్క ఇస్త్రీపెట్టెలో బొగ్గులు వేసి అతుకుల పక్కన పెట్టేవాడు. ఇంట్లో ఉన్న ఒకే ఒక మంచి కంబళి రెక్కకు కప్పి, తాను తువ్వాలు చుట్టుకుని కూర్చునేవాడు.

"బిడ్డలకు లేని కంబళి కట్టెలకా?" అని అక్క.

"బిడ్డలు వణికితే ఏమీ కాదే. ఇది వణికిందంటే నేను కింద పడతా."

నేను అప్పుడు తిరువళ్లూరులో గుమాస్తాను. ఎం.ఏ. ఉంది, ఎదురుగా టైప్‌రైటర్ ఉంది. బావను ఆటపట్టించడం బావమరిదికి వంశపారంపర్యంగా సంక్రమించిన హక్కు.

సదరు హక్కును వినియోగించుకుని, ఇంగ్లీషులో ఒక ప్రభుత్వ ఉత్తర్వు టైపు చేసి, అక్షరాలు అరిగిపోయిన గుండ్రటి ముద్ర ఒకటి వేసి, బావ పేరున టపాలో వేశాను.

సారాంశం: విమానం తిరుత్తణి కొండ మీది స్వామివారికన్నా ఎత్తున ఎగురునపుడు పైలట్ చెప్పులు ధరించి ఉండు అవకాశమున్నందున, మరో ఉత్తర్వు అందువరకు రెక్కలు తొలగించి ఉంచవలెను.

చెప్పుల దగ్గర నవ్వుతాడనుకున్నాను. ఆదివారం వెళ్లి, కలిసి నవ్వుకుని, భోంచేసి రావాలని నా ప్రణాళిక.

ఆదివారం నేను రైలు దిగి వెళ్లేసరికి ఒక రెక్క నేల మీద ఉంది.

అంత చలిలో కాపాడుకుంటూ ఆరబెట్టిన బంక. ఊడి రాలేదు. రంపంతో కోశాడు.

నన్ను చూసి రంపం పక్కన పెట్టి, చేతులు తుడుచుకుని, కాగితం తెచ్చాడు.

"ఏమప్పా, చదువుకున్నోడివి, సరింగా చూడు. చెప్పులు ఇడిచే ఎగరతానని రాసిస్తే ఒప్పుకోరా?"

చదివాను. నేనే టైపు చేసినదాన్ని, మొదటి నుంచి చివరి వరకు.

"ఇంగ్లీషు కరెక్టుగా ఉంది బావా" అన్నాను.

ఆయన రెండో రెక్క కోశాడు. కదలకుండా నేనే పట్టుకున్నాను.

తరువాత ఏ పెళ్లిలో కనిపించినా ఒక్కటే అడిగేవాడు. "ఆ రెండో ఆర్డరు సంగతి ఏమన్నా తెలిసిందా?"

"విచారిస్తున్నాను బావా."

నలభై ఏళ్లు విచారించాను.

నిన్న సాయంత్రం దహనం ముగిసి ఇంటికి వచ్చాక అక్క షెడ్డు తలుపు తీసింది. రెక్కలు రెండూ దూలానికి కట్టి ఉన్నాయి. వాటి మీద అదే కంబళి, చిల్లులు పడి.

"ఆర్డరు వస్తే మళ్లా అతికించాలని, ఎవర్నీ ముట్టనీలేదురా" అంది.

అప్పుడైనా చెప్పలేదు. ఈ పోస్టును అక్కకు ఎవరైనా చదివి వినిపించవలసినదిగా కోరుచున్నాను. నాకు నోరు రావడం లేదు.

మరో ఉత్తర్వు:

తిరుత్తణి మునిరత్నం గారి రెక్కలపై గల నిషేధము ఇందుమూలముగా రద్దు చేయడమైనది. చెప్పుల విషయం వారి ఇష్టానికి వదిలివేయడమైనది.

పోయిరా బావా. చలి లేని చోట నెమ్మదిగా ఉండు.