సార్ ఊదని గ్లాసు

సార్ పోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఇంటర్ పిల్లలకు శ్వాసక్రియ పాఠం చెబుతున్నాను. బల్ల మీద ఫోన్ కదిలితే కారిడార్‌లోకి వెళ్లి ఎత్తాను. అవతల సార్ వాళ్లావిడ. "బిడ్డా, మీ సారు పొద్దుగాల పోయిండు" అని ఫోన్ పెట్టేశారు. లోపలికి వచ్చి చూస్తే బోర్డు మీద ఒక్క ఊపిరితిత్తే ఉంది. రెండోది గీయడానికి చెయ్యి రాలేదు.

ఆయన మీలో చాలామందికి తెలియకపోవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లో కోచింగ్ సెంటర్లన్నీ ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గల్లీలో, రేకుల షెడ్డు కింద జువాలజీ చెప్పేవారు. నల్లగొండ వైపు పల్లె నుంచి వచ్చిన మనిషి. మేము కోస్తా నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డవాళ్లం కదా, మొదట్లో ఆయన యాసకి లోలోపల నవ్వుకునేదాన్ని. ఇప్పుడు పాఠంలో చిక్కుముడి వచ్చిన చోటల్లా నా నోట్లోంచి అదే యాస ఊడిపడుతుంది. పిల్లలు నన్ను చూసి నవ్వుకుంటారు.

ఊపిరితిత్తుల లోపలి వాయుగోణులు ద్రాక్షగుత్తిలా ఉంటాయని పుస్తకంలో రాసి ఉంటుంది. సార్ నిజంగానే గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ నుంచి గుత్తి తెచ్చి చూపించి, తర్వాత అందరికీ పంచేవారు. మార్కెట్ ఊరవతలికి తరలిపోయాక ఒకసారి కలిస్తే, "ఇగ గుత్తి కోసం బాటసింగారం దాక పోవాలె. పాఠం కన్న ఆటో ఖర్చు ఎక్కువైతది" అని వాపోయారు.

కానీ ద్రాక్షపండు తోలు మందమని ఆయనకు ఎప్పుడూ అసంతృప్తే. అసలు పాఠం ఆ తర్వాత మొదలయ్యేది. "మీ హాస్టల్ గోడ ఎంత పల్చగుంటది? పక్క రూమోడు దగ్గితే ఇటు వినబడ్తది. గాలి తిత్తి గోడ గంతకన్న పల్చన. ఇటు గాలి, అటు నెత్తురు. ఆక్సిజన్ గాలిల ఎక్కువ, నెత్తుట్ల తక్కువ. అందుకని అటు పోతది. కార్బన్ డయాక్సైడు నెత్తుట్ల ఎక్కువ, అది ఇటొస్తది. తలుపు లేదు, తోసేటోడు లేడు. ఎక్కువున్న కాడికెల్లి తక్కువున్న కాడికి పోవుడే."

ఆ చివరి మాట ఆయనకు ఊతపదం. మధ్యాహ్నం ఎవరి డబ్బాలో అయినా అన్నం అడుగంటి కనిపిస్తే, తన డబ్బా వంచుతూ అదే మాట అనేవారు. జవాబు తెలియక నీళ్లు నమిలే పిల్లలకు మాత్రం ఇంకో మాట ఉండేది: "తెల్వకపోతే తెల్వదను. సిగ్గేంది?"

ప్రతి కొత్త బ్యాచ్‌కీ ఆయన ఒక ఆచారం పాటించేవారు. పాన్ డబ్బా నుంచి తెచ్చిన సున్నం సీసాడు నీళ్లలో కలిపి, మూత బిగించి, మర్నాటి దాకా కదపకుండా ఉంచేవారు. పైకి తేరిన తేట మంచినీళ్లలాగే ఉంటుంది. దాన్ని గాజు గ్లాసులో పోసి, సన్నటి గొట్టం ఇచ్చి ఊదమనేవారు. ఊదుతుంటే తేట పాలలా తెల్లబడేది. "సూడు, గిది నీ నెత్తుట్ల నుంచి ఒచ్చింది. ఇంత దూరం నడిచొచ్చింది" అని, గ్లాసు వెలుతురుకి పట్టి చూపించేవారు. నా గ్లాసు తెల్లబడినప్పుడు నాకు భయం వేసింది. నా లోపలిది ఏదో బయట నిలబడి నన్ను చూస్తున్నట్టు అనిపించింది.

అలాంటి మనిషికి ఊపిరితిత్తుల జబ్బే వచ్చింది. ఆ పల్చటి గోడలు మందమెక్కుతూ పోయాయి. ఎందుకో డాక్టర్లకీ తెలియలేదు. ఎల్బీనగర్‌లో వాళ్లింటికి వెళితే ముక్కుకి గొట్టం, పక్కన గుర్రుమంటూ ఆక్సిజన్ మిషన్. "నా హాస్టల్ గోడకు ఎవడో సిమెంటు కొట్టిండు. గాలైతే ఒస్తుంది, గోడ దాటుతలేదు" అని నవ్వబోయి, నవ్వుకి చాలినంత ఊపిరి లేక ఆగిపోయారు. ఆ మిషన్ చప్పుడు ఇప్పటికీ నన్ను వదల్లేదు. మా ఇంట్లో ఫ్రిజ్ మొదలైనా సార్ గదిలో ఉన్నట్టే ఉంటుంది.

చివరిసారి వెళ్లినప్పుడు నాతో సున్నం తెప్పించారు. వాళ్లావిడ వంటింట్లో ఉన్నారు. మంచం మీద కూర్చునే సీసాలో కలిపి, మూత పెట్టి, "రేపటికి తేరుకుంటది. నేనెంత ఊదగల్గుతనో సూద్దాం, రా" అన్నారు. మర్నాడు క్లాసు అయ్యాక వెళ్దామనుకున్నాను. అంతలోనే ఫోన్ వచ్చింది.

దినాలు కాకముందే మళ్లీ వెళ్లాను. సార్‌ని పడుకోబెట్టిన చోట దీపం, పక్కన గ్లాసుడు నీళ్లు. పోయినవారు వచ్చి తాగుతారని పెడతారు కదా. ఆ నీళ్ల మీద పల్చగా, మంచు పట్టినట్టు తెల్లటి పొర.

"ఆయన మంచం కాడి సీసలవే పోసిన బిడ్డా. పోసిన్నాడు తేటగున్నయి" అన్నారు సార్ వాళ్లావిడ, గొంతు తగ్గించి. "రేపు ఊదుదామని నీతో అన్నది వంటింట్లకు ఇనబడ్డది. ఒచ్చి ఊది పోయిండు."

ఆ పొరకి కారణం నాకు తెలుసు. తెలిసింది మింగేస్తే సార్ ఊరుకోరు.

"అవి తాగే నీళ్లు కావమ్మా, సున్నపు తేట. మూత లేకుండా ఉంచితే గదిలో గాలికే అలా పొర కడుతుంది. దీపం వదిలింది, మీరు వదిలింది, వచ్చి కూర్చున్న వాళ్లందరూ వదిలింది, అన్నీ దాన్లో ఉంటాయి."

ఆమె గ్లాసు మీదికి వంగి చూశారు. "మనందరిదీ ఉన్నదన్న మాట. మరి ఆయనది లేదా?"

పోయిన రోజు పొద్దుటిదాకా సార్ ఈ గదిలోనే ఊపిరి వదిలారు. అందులో ఎంత ఈ గాలిలో ఇంకా మిగిలిందో ఎవరు చెప్పగలరు?

"తెలియదమ్మా" అన్నాను.

గది ఉక్కగా ఉంది. ఏడుపు ఆపుకోలేక లేచి, కిటికీ గడియ మీద చెయ్యి వేశాను.

"తెరువకు బిడ్డా," అన్నారామె. "జర ఉండనియ్యి."

చెయ్యి తీసేసి వచ్చి కూర్చున్నాను. మా ఇద్దరి మధ్యా ఆ గ్లాసు, దాని మీద కదలని తెల్లటి పొర. ఇద్దరం నెమ్మదిగా, కొంచెం కొంచెంగానే గాలి పీల్చుకున్నాం.