దొంగిలిస్తేనే బతికే మందారం

ఎస్తేరు గారు ఆదివారం పొద్దున చర్చిలో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని దొంగతనం ఎంత పాపమో చెబుతారు. సోమవారం పొద్దున చేతిసంచీలో చిన్న కత్తెర, తడిపిన చేతిరుమాలు పెట్టుకుని తార్నాక వీధుల్లోకి కొమ్మలు ఎత్తుకురావడానికి బయల్దేరతారు. ఈ రెండు పనులకీ పొత్తు కుదరదని ఆవిడకు ఎప్పుడూ అనిపించలేదు. మాట కడుపులో దాచుకునే అలవాటు నాకు లేదు కాబట్టి ఒకసారి మొహం మీదే అడిగేశాను.

"దేవుడు ఆదాముకు తోట ఇచ్చినప్పుడు రసీదు రాయించుకున్నాడా వైదేహి గారూ?" అన్నారు.

"ఆ తోటలో కోయొద్దన్నది కోసినందుకే కదండీ వాళ్లను బయటికి గెంటింది?"

"అది పండు. నేను కొమ్మ తప్ప ఇంకేదీ ముట్టుకోను" అని నా చెట్టు వైపు ఒక చూపు చూసి మరీ వెళ్లిపోయారు.

నా చెట్టంటే మా ప్రహరీగోడ పక్కనున్న ముద్దమందారం. గంధం రంగు పువ్వు, లోపల కాస్త ఎరుపు. నల్లకుంట, విద్యానగర్ దాకా వెతికినా అలాంటిది ఇంకొకటి లేదని నా నమ్మకం. పువ్వులన్నీ మా దేవుడి గూటికి పోతాయి. ఎస్తేరు గారికి పువ్వుతో పని లేదు, చెట్టే కావాలి. దానికేం భాగ్యం అని నేనే మూడు వానాకాలాలు వరసగా కొమ్మలు కోసి ఇచ్చాను. మూడూ ఎండిపోయాయి. ఇందులో ఆవిడ తప్పేమీ లేదట, తప్పంతా నాదేనట.

"మీరు మర్యాదగా ఇచ్చారు కదండీ, అందుకే పోయాయి."

మనీప్లాంటు దొంగిలించి తెస్తేనే ఎదుగుతుందని మన ఇళ్లలో అందరూ అనుకునేదే. ఎస్తేరు గారు దాన్ని మొక్కజాతి మొత్తానికి చట్టం చేశారు. "కొన్న మొక్క కొన్నాళ్లే. ఇచ్చిన మొక్క ఏదో మొహమాటానికి నిలబడుతుంది. ఎత్తుకొచ్చిన మొక్కయితే పంతం పట్టి పెరుగుతుందండీ, ఆయ్!" ఆ చివరి "ఆయ్" నర్సాపురం నుంచి వచ్చింది. పెళ్లయి హైదరాబాదు వచ్చి, మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనా ఆవిడ దాన్ని వదల్లేదు.

మా ఎదురు బిల్డింగులో మూడో అంతస్తు వాళ్లది. ఆ పై డాబా అందరిదీ అని కాగితాల్లో ఉంటుంది గానీ, అక్కడ ఇంకొకరు బట్టలారేయడానికి కూడా చోటు లేదు. థర్మకోల్ పెట్టెలు, రంగుల డబ్బాలు, విజిల్ పోయిన కుక్కరు, కొడుకు బెన్నీ చిన్నప్పుడు స్నానం చేసిన తొట్టి, అన్నిట్లోనూ ఎత్తుకొచ్చిన సంతానమే. అయితే న్యాయంగా ఒక మాట చెప్పాలి. వీధిలో ఎవరి మొక్కకు జబ్బు చేసినా అందరం పరిగెత్తేది ఆవిడ దగ్గరికే. ఒక ఏడాది ఇంటింటా మందారాలకు తెల్లటి పిండినల్లి పట్టింది. ఆవిడ కుంకుడుకాయ రసం సీసాల్లో పోసుకుని ఇల్లిల్లూ తిరిగి, ఆకు ఆకూ కడిగారు. ఎలా కడగాలో ప్రతి ఇంట్లో ఒకరికి నేర్పి మరీ కదిలారు. నా చెట్టు బతికింది ఆ చేతి చలవే. ఆవిడ వెళ్లాక చూస్తే మా కనకాంబరం కొమ్మ ఒకటి లేదు. వైద్యుడి ఫీజు అనుకుని ఊరుకున్నాను.

ఇక ఆవిడ భర్త శాంతికుమార్ గారు. యూనివర్సిటీ పరీక్షల విభాగంలో సూపరింటెండెంటుగా చేశారు. స్క్వాడ్‌లో వెళ్లి కాపీ చీటీలు పట్టడంలో ఆయనకు పెద్ద పేరు. మోచేతి మడతలో దాచిన చీటీ కూడా ఆయన కన్ను దాటేది కాదు. ఆ కళ్లెదుటే డాబా నిండా దొంగసొత్తు పచ్చగా పెరిగింది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, సూపరింటెండెంటు ఏం పడతాడు?

నిరుడు ఆయనకు గుండె ఆపరేషన్ అయింది. ఇంటికి వచ్చి బాల్కనీలో పేము కుర్చీలో కూర్చున్నారు. ఇక లేవలేదు. కుట్లు మానాయి, నొప్పి తగ్గింది, మనిషి మాత్రం లేవలేదు. ఏమడిగినా "ఊ". రోజూ నడవాల్సిందేనని, లేకపోతే మళ్లీ తన దగ్గరికే రావాల్సి ఉంటుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. "ఊ" అన్నారు. పాస్టరు గారు వచ్చి ప్రార్థన చేశారు. "ఊ" అన్నారు. బెన్నీ కొండాపూర్ నుంచి ట్రెడ్‌మిల్ పంపించాడు. దాని మీద ఎస్తేరు గారు వాము మొక్కల కుండీలు వరసగా పెట్టేశారు. అక్కడ ఎండ బాగా తగులుతుందట.

ఆ సంగతి చెబుతూ నవ్వారు, నవ్వుతూనే కొంగు కళ్లకు అద్దుకున్నారు. "గుండె బాగుచేశారండీ. మనిషిని మాత్రం ఆసుపత్రిలోనే ఉంచేసుకున్నారు."

నేను మందారం కొమ్మ ఇవ్వనా అని అడిగాను.

తర్వాత కొన్నాళ్లకు ఆవిడ యూనివర్సిటీ క్యాంపస్‌లో పొద్దుటి నడక నుంచి తిరిగొచ్చి, గుమ్మంలోనే కూలబడ్డారట. "ఏవండీ, పరువు పోయింది. నూరువరహాల కొమ్మ కోస్తుంటే వాచ్‌మన్ పట్టుకున్నాడు. మీ పేరు చెప్పాను. రేపు సార్‌ని తీసుకురమ్మన్నాడు."

శాంతికుమార్ గారు ఈసారి "ఊ" అనలేదు. లేచి నిలబడ్డారు. "నా పేరెందుకు చెప్పావు?" అన్నారు. ఆపరేషన్ తర్వాత ఆయన నోట పూర్తిగా వచ్చిన మొదటి మాట అదేనట.

మర్నాడు ఇస్త్రీ చొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, తల వంచుకుని భార్య వెంట క్యాంపస్‌కు నడిచారు. నేనూ వెనకే వెళ్లాను. ఇలాంటిది చూడకుండా ఇంట్లో కూర్చోవడం నావల్ల కాదు. వాచ్‌మన్ పేరు పరశురాం. శాంతికుమార్ గారు అతని ముందు నిలబడి, "బాబూ, జరిగినదానికి నేను..." అని మొదలుపెట్టేసరికి అతనే కంగారుపడ్డాడు.

"ఏం జరిగింది సార్? రెండు కొమ్మలకు ఏమైతది? ఎట్లయినా మేం కొట్టి పారేసేటియే. నేను మేడంను ఎందుకు ఆపిన అంటే, గీడ నా రూం ఎనక టమాట పెట్టిన. ఆకులన్ని ముడుసుకపోతున్నయి. జర చూసి చెప్తదేమో అని."

శాంతికుమార్ గారు భార్య వైపు తిరిగారు. ఆవిడ అప్పటికే వంగి టమాటా ఆకు తిరగేస్తున్నారు. "ఆకు అడుగున తెల్లదోమ చూడు నాయనా. వేపనూనె సబ్బునీళ్లలో కలిపి అడుగున కొట్టు. బాగా ముడిచినవాటిని పీకెయ్" అంటున్నారే గానీ మొగుడి మొహం చూడటం లేదు.

"నాతో అబద్ధమాడావా?" అన్నారాయన.

"నడిచారా, లేదా?" అన్నారావిడ.

మర్నాడూ ఆయన నడిచారు. నడక కోసం కాదట, కాపలా కోసమట. "నువ్వు మళ్లీ చెట్టు మీద చెయ్యి వేయకుండా చూడ్డానికి వస్తున్నా" అని చెప్పి మరీ వెళ్లారు. ఆవిడ ముందు, ఆయన నాలుగడుగులు వెనక. పొద దగ్గర ఆవిడ నడక నెమ్మదిస్తే ఆయన గొంతు సవరించేవారు. అయినా ఆవిడ కోసేవారు. ఆయన పట్టుకుని స్వాధీనం చేసుకునేవారు. చీటీ అయితే జవాబుపత్రానికి కుట్టి పంపవచ్చు, ప్రాణమున్న కొమ్మను ఏం చేస్తారు? పారేయడానికి చేతులు రాక, ఇంటికి తెచ్చి ఆయనే మట్టి కలిపి నాటేవారు. అలా డాబా మీద స్వాధీనం చేసుకున్న మొక్కలది వేరే వరస తయారైంది. వాటికి నీళ్లు ఆయనే పోయాలి, ఆవిడ ముట్టుకోకూడదు. ఆయనకు ఆకలి తిరిగి వచ్చింది. కూరలో ఉప్పు చాల్లేదని కోప్పడటం కూడా తిరిగి వచ్చింది. ఎస్తేరు గారు ఆ కోపాన్ని పండగలా వీధంతా చెప్పుకున్నారు.

అంతా బాగుందనుకునేసరికి ఈ వానాకాలం ఆవిడ డాబా మీద పాచికి జారి కాలు విరగ్గొట్టుకున్నారు. కట్టు వేసి మంచాన పడుకోబెట్టారు. దొంగ ఇంట్లో పడుకుంటే స్క్వాడుకు వీధిలో ఏం పని? శాంతికుమార్ గారు మళ్లీ పేము కుర్చీలో కూర్చున్నారు. మళ్లీ "ఊ".

నేను క్యారియర్‌లో చారు పట్టుకెళ్తే ఎస్తేరు గారు నా చెయ్యి పట్టుకుని ఏడ్చేశారు. "ఎముకదేముందండీ, అదే అతుక్కుంటుంది. ఆయన్ని మళ్లీ ఎలా లేపను? అబద్ధం ఒకసారే పనిచేస్తుంది. నేను లేచేలోపు ఆయనకు ఏమన్నా అయితే?"

ఆ ధైర్యవంతురాలు అలా అనడం నేనెప్పుడూ వినలేదు. నాకూ ఏడుపొచ్చింది. అంతలోనే ఆవిడ కళ్లు తుడుచుకుని, బాల్కనీలోకి వినబడేలా గొంతు పెంచారు. "వానలు కూడా వెళ్లిపోతున్నాయి. మీ మందారం ఈ ఏడూ నాకు దక్కదు!"

"నేను కోసి తెస్తానుండండి."

"వద్దు! మీరిస్తే చస్తుంది!" అని మంచం మీంచే కేకేశారు.

బాల్కనీలోంచి "ఊ" అని వినబడింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "ఊళ్లో దొంగలందర్నీ పట్టినాయన, ఇంట్లో దొంగకు ఒక్క కొమ్మ తెచ్చిపెట్టలేరు" అని గట్టిగానే అని మెట్లు దిగాను.

ఆ వారంలోనే ఒక పొద్దున మా గేటు గొళ్లెం చప్పుడైంది. చూస్తే శాంతికుమార్ గారు. ఇస్త్రీ చొక్కా, జేబులో పెన్ను, చేతిలో ఎస్తేరు గారి కత్తెర. మొహమంతా చెమట.

"నమస్కారమండీ. మీ మందారం కొమ్మ ఒకటి దొంగతనం చేయాల్సి వచ్చింది. మీ అనుమతి కోసం వచ్చాను."

"అయ్యో, కోసుకోండి. దానికి అడగాలా?"

"అలా ఇచ్చేయకండి. ఇస్తే బతకదట. అడక్కుండా కోయడం నావల్ల కాదు. నాకు అనుమతీ కావాలి, మొక్కకు దొంగతనమూ జరగాలి. అందుకని మీరు కాస్త లోపలికి వెళ్లి, అటు తిరిగి ఉండండి."

ఇలాంటి దొంగను నా జన్మలో చూడలేదు. లోపలికి వెళ్లాను. వెళ్లినదాన్ని ఊరుకోవచ్చు కదా, కిటికీ తెర తొలగించి చూశాను. ఆయన అటూ ఇటూ చూసి, నిండా మొగ్గలున్న లేత కొమ్మకు కత్తెర పెట్టారు. నా ప్రాణం ఉసూరుమంది.

"అది కాదండీ! మొగ్గలు లేనిది, పెన్సిలంత లావుది! కణుపు కింద కోయండి!"

"మీరు చూడకూడదు!"

"చూడటం లేదండీ!"

ఆయన సరైన కొమ్మే కోశారు. తడిగుడ్డ చుట్టి చొక్కాలో దోపుకున్నారు. కానీ కదలరే! గేటు దగ్గర నిలబడి నన్ను మెల్లగా పిలిచారు.

"ఇంకొక్క సాయం. మీరిప్పుడు అరవాలి."

"ఏమని?"

"దొంగ అని. లేకపోతే ఆవిడ నమ్మదు. ఇన్నేళ్లు కాపురం చేసింది, నేను అడిగే కోశానని ఇట్టే పట్టేస్తుంది. నా కుర్చీలో కూర్చోబెట్టి వచ్చాను. ఈ చెట్టు చాటున మనం కనబడం గానీ, ఇటే చూస్తూ ఉంటుంది."

కొమ్మల సందులోంచి తలెత్తి చూశాను. మూడో అంతస్తు బాల్కనీలో, ఆయన పేము కుర్చీలో, కట్టుకాలు స్టూలు మీద చాపుకుని ఎస్తేరు గారు కూర్చుని ఉన్నారు. కమ్మీల మధ్య నుంచి మెడ సాచి చూస్తున్నారు.

నేను వీధిలోకి వచ్చి గొంతు చించుకున్నాను. "దొంగ! దొంగ! నా మందారం కొమ్మ ఎత్తుకుపోతున్నాడు, పట్టుకోండి!"

శాంతికుమార్ గారు పరిగెత్తారు. పరుగంటే మరీ పరుగు కాదు, అలాగని నడక అయితే ముమ్మాటికీ కాదు. గుండె మీద, అంటే కొమ్మ మీద, చెయ్యి అదిమిపెట్టుకుని వీధి మలుపుదాకా అలాగే వెళ్లారు. పాలపాకెట్లు తెచ్చుకుంటున్నవాళ్లు నిలబడిపోయారు. పైనుంచి ఎస్తేరు గారు చప్పట్లు కొడుతూ, ఏడుస్తూ, "మెల్లిగా! మెల్లిగా అండీ! డాక్టరు పరిగెత్తమనలేదు!" అని కేకలు పెట్టారు.

ఆయన వెంటనే ఇంటికి పోలేదు. దొంగ నేరుగా ఇంటికి వెళ్తాడా? క్యాంపస్‌దాకా వెళ్లి, పరశురాం టమాటాలు ఎలా ఉన్నాయో చూసి, చుట్టూ తిరిగి మరీ వచ్చారు. రోజూ అదే దారి పట్టారు. చొక్కాలో అప్పుడప్పుడూ ఏదో ఒకటి ఉంటోందని పరశురాం చెప్పాడు. సార్ ముందు అడుగుతారట, తర్వాత అతన్ని అటు తిరగమంటారట.

ఎస్తేరు గారు కట్టు విప్పించుకుని మెట్లు ఎక్కగలిగిన రోజు నన్ను డాబా మీదికి పిలిచారు. విజిల్ పోయిన కుక్కరులో నా మందారం నిలబడి ఉంది. కణుపు కణుపుకూ చిగుళ్లు.

"నేను చెప్పలేదా వైదేహి గారూ? ఆయన అడిగి తెచ్చుంటే ఇది బతికేదా?"

ఆవిడ వెనకాల శాంతికుమార్ గారు నీళ్ల మగ్గు పట్టుకుని, తేలుకుట్టిన దొంగలా నా వైపే చూస్తున్నారు.

"ఎక్కడ బతుకుతుందండీ!" అన్నాను.