అన్ని దండేల మీదా అదే చొక్కా

మా పెదనాన్నకి ఈ ఊరి ఎండ నచ్చదు. ఎండ ఎక్కువైందని సణిగేవాళ్ళని అందరూ చూసి ఉంటారు, చాలడం లేదని సణిగే మనిషిని మాత్రం నేను ఆయన్నొక్కణ్ణే చూశాను. ఫోటో స్టూడియో మెట్ల మీద నిలబడి అరచెయ్యి చాపి, "ఇదీ ఒక ఎండేనా? ఎవరో టార్చిలైటు వేసినట్టుంది" అంటాడు. ఇక్కడ ఏడాది పొడుగునా ఒకే రకం గాలి. పగలు చెమట పట్టదు, రాత్రి చలి కొరకదు. జబ్బు మనుషులకి డాక్టర్లు చెప్పే ఊరు ఇది. ఆయనకీ అలాగే చెప్పారు.

మా పాత ఊళ్ళో వేసవి వస్తే చెయ్యి కాలకుండా తలుపు గొళ్ళేలకి గుడ్డ చుట్టేవాళ్ళం. పెదనాన్న ఫిల్ము రీళ్ళని తడిగోనె చుట్టిన కుండలో దాచేవాడు. సిమెంటు ఫ్యాక్టరీ మూతపడింది. తరవాత కుళాయిలు ఎండిపోయాయి. ఆ తరవాత వీధి వెనక వీధి ఖాళీ అవుతూ జనమంతా ఇటువైపు వచ్చేశారు. పెదనాన్న మాత్రం వడదెబ్బ తగిలి నడివీధిలో కెమెరాతో సహా పడిపోయేదాకా కదల్లేదు. "ఇంకో వేసవి ఇక్కడే ఉంటే మీ ఫోటో ఎవరో తియ్యాల్సి వస్తుంది" అని డాక్టరు చెప్పాక బయల్దేరాడు. అలా పడ్డప్పటినుంచి ఎడమకాలు కొంచెం ఈడుస్తాడు.

నా చదువు ఆ తరలింపులోనే తెగిపోయింది. ఇక్కడి బడిలో ఎవరూ చేర్చలేదు, నేనూ అడగలేదు. స్టూడియో వెనక చీకటి గదిలో ప్రింట్లు కడిగే పని నాకు అప్పజెప్పారు. నలుగురిలో నోరు పెగలని మనిషికి అంతకన్నా మంచి గది దొరకదు.

ఊరు వదిలేటప్పుడు అందరూ తమ తమ ఇళ్ళ తాళంచెవులు పెదనాన్న చేతిలో పెట్టారు. వెనక్కి వెళ్ళేది ఆయనొక్కడేనని వాళ్ళకి తెలుసు. ఆయన ఏటా వెళ్తాడు, అదీ డాక్టరు ఏ నెలలో వద్దన్నాడో సరిగ్గా ఆ నెలలోనే. పెద్దమ్మ సంచి సర్దుతూనే తిడుతుంది.

"చలికాలంలో వెళ్తే ఊరు లేచి పారిపోతుందా?"

"చలికాలంలో అది మన ఊరులా ఉండదే. దాని మొహం మిట్టమధ్యాహ్నం గానీ బయటపడదు."

"నా మొహం ఎప్పుడైనా అంత శ్రద్ధగా చూశారా?"

"చూద్దామనే అనుకుంటాను. నువ్వు కదులుతావు."

తిరిగి వచ్చాక ఎవరి ఇంటి ఫోటో వాళ్ళకి ఇస్తాడు. డబ్బు తీసుకోడు. ఓరగా తీసి ఉన్న తలుపు, మెట్టు దగ్గర విడిచిన చెప్పులు, పక్కన దండెం మీద ఆరేసిన బట్ట. అది చూసి జనం మొహాలు విప్పారేవి. "మా ఇంట్లో ఎవరుంటున్నారండీ?" అని అడిగేవాళ్ళు. "ఎవరో ఉంటున్నార్లెండి. ఊరు మొత్తం చచ్చిపోలేదు, అక్కడక్కడా మనుషులున్నారు" అనేవాడు. తమ ఇంట్లో ఎవరో తిరుగుతున్నారంటే కోపం రావాలి గానీ, ఎవరికీ రాలేదు. తేలిగ్గా ఊపిరి పీల్చుకుని వెళ్ళేవాళ్ళు.

ఆ ఫోటోలన్నీ ఒక్కచోట చూసేదాన్ని నేనొక్కదాన్నే. ఏటా కడగడమే గానీ పరకాయించి చూసింది లేదు. ఈసారి ప్రింట్లు కడిగి తాడుకి క్లిప్పులు పెట్టి ఆరేశాను. ఎర్రదీపం కింద వరసగా చూస్తూ పోతుంటే, పోస్టుమాస్టరు గారి దండెం మీద గళ్ళ చొక్కా కనిపించింది. జేబు సగం ఊడి వేలాడుతోంది. పక్క ప్రింటులో పాలాయన ఇల్లు. అక్కడా గళ్ళ చొక్కా, ఊడిన జేబు. ఊరి అవతలి కొసన ఉన్న మా బడి పంతులమ్మ ఇంటి ముందూ అదే. ఎవరో ఒక మనిషి ఒక చొక్కా పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ ఆరేసుకుంటున్నట్టుంది. ప్రతి ఇంటి తలుపూ ఓరగా తీసే ఉంది. ఇప్పుడే ఎవరో లోపలికి వెళ్ళినట్టుంది. గది తలుపు తీసి వెలుగులోకి వచ్చి నిలబడ్డాను.

పెదనాన్నని నోటితో అడగలేదు. మూడు ప్రింట్లు బల్ల మీద పక్కపక్కన పెట్టాను. ఆయన చూసి, వాటిని బోర్లా తిప్పి పెట్టాడు.

"కనిపెట్టావూ. ఎవరితోనూ అనకు."

"ఎవరిదీ చొక్కా?"

"నాదే. సంచిలో పెట్టుకెళ్తాను. మొదటిసారి ఖాళీ ఇల్లు ఖాళీగానే తీసి ఇచ్చాను. పోస్టుమాస్టరు ఆ రోజంతా మాట్లాడలేదు, తిండి కూడా తినలేదట. అప్పటినుంచి దండెం మీద చొక్కా ఒకటి వేస్తాను, తలుపు ఓరగా తీస్తాను, నా చెప్పులే మెట్టు దగ్గర విడుస్తాను."

"కాళ్ళు కాలవా?"

"కాల్తాయి. అందుకే త్వరగా తీస్తాను" అని నవ్వాడు.

ఈసారి ఆయన ఎవరూ అడగని ఇల్లు కూడా ఒకటి తీశాడు. అది కుట్టు పిన్నిది. మా స్టూడియో పక్క గదిలోనే ఆవిడ మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. నాకు చుట్టం కాదు, పిలుపుకే పిన్ని. పాత ఊళ్ళో ఒక మధ్యాహ్నం ఆవిడ భర్త, నీళ్ళ ట్యాంకరు వచ్చిందేమో చూసొస్తానని బిందె పట్టుకుని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఊళ్ళో కొందరు, ఆ ఎండకి కరిగిపోయి ఉంటాడని వెకిలిగా అనేవాళ్ళు. పిన్ని మాత్రం వీధిలో ఆఖరి మనిషి వెళ్ళిపోయేదాకా అక్కడే కాచుకుంది.

పెదనాన్న మంచి మనసుతోనే ఆ ఫోటో తెచ్చి ఇచ్చాడు. పిన్ని పళ్ళ మధ్య దారం పట్టుకుని, "నాకెందుకన్నయ్యా, ఆ కొంప మొహం నాకు తెలియనిదా" అంటూ అందుకుంది. చూసింది. దారం నోట్లోంచి జారిపోయింది. గుమ్మం దగ్గర మగవాళ్ళ చెప్పులు, దండెం మీద మగవాళ్ళ చొక్కా.

"వచ్చారు" అంది, మెల్లగా.

పెదనాన్న నోరు తెరిచాడు గానీ మాట రాలేదు. నేను ఆయన వెనకే ఉన్నాను. నా నోరు ఎప్పుడూ అంతే.

సాయంత్రానికల్లా పిన్ని సగం కుట్టిన బట్టలన్నీ ఎవరివి వాళ్ళకి తిరిగి ఇచ్చేసింది. మిషను మీద గుడ్డ కప్పింది. పాత ఊరు వెళ్ళి ఇక అక్కడే ఉంటానంది. పెదనాన్న రెండుసార్లు ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి వాతావరణం గురించి మాట్లాడి వచ్చాడు. చివరికి, "ఒక్కదానివే వద్దమ్మా, మేమూ వస్తాం" అన్నాడు. పెద్దమ్మ నన్ను తోడు పంపింది. "నువ్వు మాట్లాడవు, ఆయనకి విసుగు రాదు. పడిపోతే మాత్రం గట్టిగా కేకెయ్యి" అంది.

బస్సు దిగేసరికి మిట్టమధ్యాహ్నం. వీధిలో ఎక్కడా నీడ లేదు. ఉన్న కాస్తా మా కాళ్ళ కిందికి దూరిపోయింది. పిట్ట అరవలేదు, కుక్క లేవలేదు. పెదనాన్న జేబులో తాళంచెవుల గుత్తి అడుగడుక్కీ మోగుతుంటే, ఇంకెవరో మాతో నడుస్తున్నట్టుండి రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాను. పిన్ని మాత్రం తల దువ్వుకుని, చల్లటి నీళ్ళ ఫ్లాస్కు చంకన పెట్టుకుని మాకన్నా ముందు నడిచింది. "ఆయన వెచ్చటి నీళ్ళు తాగరు" అంది.

ఇంటి పక్కన దండెం ఖాళీగా ఉంది.

"ఆరిపోయి ఉంటుంది. తీసేసి ఉంటారు" అంది పిన్ని.

తలుపుకి బయట తాళం ఉంది.

"నీళ్ళకి వెళ్ళి ఉంటారు. ఎప్పుడూ ఈ వేళకే కదా."

అక్కడ లేని ప్రతిదీ ఆవిడకి ఆయన ఉన్నట్టే చెబుతోంది. "అమ్మా, ఒక్క నిమిషం ఆగు" అన్నాడు పెదనాన్న. ఆవిడ అప్పటికే తన దగ్గర ఉంచుకున్న రెండో చెవితో తాళం తీసింది.

లోపల నేలంతా బూడిదరంగు దుమ్ము, దుప్పటి పరిచినట్టు. దాని మీద ఒక మనిషి అడుగులు ఉన్నాయి. గుమ్మంలోంచి పెరటి తలుపు దాకా, అక్కణ్ణించి మళ్ళీ గుమ్మం దాకా. ఇంకెక్కడికీ లేవు. మంచం వైపు లేవు, పొయ్యి వైపు లేవు. పిన్ని వంగి ఆ అడుగుల వెంట మెల్లగా నడిచింది, తొక్కకుండా పక్కపక్కనే. ఎడమ అడుగు పడ్డ ప్రతిచోటా దుమ్ములో చిన్న గీత ఉంది, కాలు ఈడ్చినట్టు. ఆవిడ ఆగిపోయింది. తలెత్తి పెదనాన్న కాళ్ళ వైపు చూసింది. ఎక్కడో రేకు ఎండకి చిటుక్కుమంది.

"చొక్కా మీదేనా అన్నయ్యా?"

"నాదేనమ్మా. అన్ని ఇళ్ళకీ వేస్తాను. నీ ఇంటికి వెయ్యకూడదని తోచలేదు. ముసలి బుర్ర, తోచలేదు."

"ఆయనకి గళ్ళ చొక్కాలంటే పడదు" అంది పిన్ని. "ఫోటోలో చూసినప్పుడే అనుకున్నాను. ఇన్నేళ్ళయింది, ఇష్టాలు మారి ఉంటాయిలే అని సరిపెట్టుకున్నాను."

పెదనాన్న గోడకి ఆనుకుని కూలబడ్డాడు. వడదెబ్బేమోనని నేను గాభరాపడ్డాను. పిన్ని ఫ్లాస్కు మూత తీసి ఆ చల్లటి నీళ్ళు ఆయనకే పట్టింది. ఆయన తాగుతూ ఏడ్చాడు. ఆవిడ ఏడవలేదు. మూల ఉన్న చీపురు తీసుకుని ఆ అడుగుల్ని మెల్లగా ఊడ్చేసింది.

"ఇప్పుడు తియ్యండి ఫోటో" అంది. "దండెం మీద ఏమీ వద్దు. చెప్పులు వేసుకునే తియ్యండి. నేను లోపల నిలబడతాను."

ఆయన భుజాన ఉన్న కెమెరాతో వీధిలోకి వెళ్ళి తీశాడు. సాయంత్రం బస్సుకి ముగ్గురం వచ్చేశాం. దారి పొడుగునా ఎవరూ మాట్లాడలేదు, నాకు మొదటిసారి ఆ నిశ్శబ్దం కష్టంగా అనిపించింది.

ఆ ఫోటో నేనే కడిగాను. వెలుతురంతా బయటి గోడకి పోయింది. తెరిచిన గుమ్మం కాగితం మీద నిలువునా కటిక నలుపు. పిన్ని అందులోనే నిలబడిందని నాకు తెలుసు, కానీ కాగితం మీద కనిపించలేదు. ఇంకో కాగితం పెట్టి, ఫిల్ములోంచి వెలుగు పడేటప్పుడు గుమ్మం మీదికి రాకుండా కాసేపు అరచెయ్యి అడ్డం పట్టాను; వెలుగు తక్కువ పడ్డ చోట నలుపు తగ్గుతుంది. మందు ట్రేలో కాగితం ఊపుతుంటే నల్లటి చోట ఏదో పాలిపోయినట్టు తేలింది. ఒక చెయ్యి. మణికట్టు దాకా. లోపలినుంచి గుమ్మం పట్టుకుని ఉంది. మొహం రాలేదు, ఒళ్ళు రాలేదు, చెయ్యొక్కటే వచ్చింది. అంతకన్నా ఏమీ తేలదని కాగితాన్ని నీళ్ళలో వేసేశాను.

ఆరాక రెండు ప్రింట్లూ తీసుకుని పక్క గదికి వెళ్ళాను. పిన్ని మిషను మీద గుడ్డ తీసి నూనె వేస్తోంది. తిరిగి ఇచ్చేసిన బట్టలు కొన్ని మళ్ళీ వచ్చి పక్కన పడి ఉన్నాయి.

"ఏది కావాలి పిన్నీ?"

రెండూ దీపం దగ్గర పెట్టి చూసింది. చెయ్యి ఉన్నదాన్ని కొంచెం ఎక్కువసేపే చూసింది.

"నాకోసం కష్టపడ్డావు" అంది. తరవాత దాన్ని నా చేతిలోనే పెట్టేసింది. "ఇది వద్దమ్మా. లోపల మనిషి ఉందని తెలిసిపోతోంది. ఇలాంటిది చూస్తే ఎవరో ఒకరు ఆశపడి బయల్దేరతారు."

నల్లటి గుమ్మం ఉన్నది తీసుకుని, మేకు కోసం గోడ తడమడం మొదలుపెట్టింది.