ఎల్ సాల్వడార్ నుంచి వచ్చిన కాఫీ

బుకిట్ బటోక్‌లో మా ఫ్లాట్ కింద హాకర్ సెంటర్ ఉంది, చిన్న చిన్న తిండి దుకాణాలన్నీ ఒకేచోట. పొద్దున్నే అక్కడి కాఫీ వాసన, మాడిన చక్కెరతో కలిసి మా వంటింటి దాకా వస్తుంది. ఆ వాసనకు రాజమ్మ ఆంటీ గుర్తొస్తుంది. ఆమె ముత్తాతలు విశాఖ వైపు నుంచి రబ్బరు తోటల పనికి ఈ దేశం వచ్చినవాళ్లు. కాఫీ గింజలు దిగుమతి చేసే మా ఆఫీసులో, కొనేముందు రుచి చూసే గదికి ఆమే పెద్ద. తెనాలి నుంచి వచ్చిన నేను ఆమె కింద కొత్త ఉద్యోగిని.

"ఎల్ సాల్వడార్ తెలుసా?" అని ఒకరోజు అడిగింది. తెలియదని తల అడ్డంగా ఊపాను.

"మధ్య అమెరికాలో చిన్న దేశం, లా," అంది, ఇక్కడివాళ్ల అలవాటుగా మాట చివర 'లా' తగిలిస్తూ. " ఒక్క పక్కే సముద్రం, ఎటు చూసినా అగ్నిపర్వతాలు. ఆ కొండల మీదే కాఫీ తోటలు. రేపు అక్కడి నుంచి మరిసోల్ అనే తోట రైతు వస్తోంది. పోయినసారి పంటంతా తెగులు తినేసింది. ఈసారి మనం కొనకపోతే తోట అమ్ముకోవాల్సిందే, పాపం."

మర్నాడు మరిసోల్ ఎదురుగా ఆమె తెచ్చిన కాఫీ కప్పులు పెట్టారు. మా పనిలో అందరూ ఒకే కప్పులో ఎవరి చెంచా వాళ్లు ముంచి, సర్రున జుర్రి, చెంచా వేడినీళ్లలో ఆడించి మళ్లీ ముంచుతారు. నేను ఆ బల్ల దగ్గర నిలబడటం అదే మొదలు. మంచినీళ్లు కూడా గ్లాసు ఎత్తి పోసుకునే ఇంట్లో పెరిగినదాన్ని, ఎంగిలంటే నాకు ప్రాణం పోయినంత పని. నా వంతు రాగానే కప్పును మెల్లగా పక్కకు జరిపాను. అలా జరిపితే సరుకు పనికిరాదని అర్థమట! నాకేం తెలుసు?

మరిసోల్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "చెడిపోయిందా?" అని వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది.

ఆంటీకి సంగతి అర్థమైంది. "ఎంగిలా? అయ్యో! ఆమె అంత దూరం నుంచి వస్తే నువ్వు చెంచా దగ్గర ఆగిపోయావా?" అని తెలుగులో కసిరింది. ఆ కప్పులోనే చెంచా ముంచి, గది మోగేలా జుర్రి, అదే చెంచా నా చేతికిచ్చింది.

"కడగలేదు. తాగు."

కోపం, సిగ్గు రెండూ ముంచుకొచ్చాయి. కళ్లు మూసుకుని జుర్రాను. బెల్లం రుచి, వెనకే కాస్త బత్తాయి తొక్క. "చాలా బాగుంది" అని మరిసోల్‌తో అన్నాను. ఆంటీ కూడా తలూపి, "కొంటున్నాం" అంది. మరిసోల్ కుర్చీలో కూలబడి రెండు చేతులతో మొహం కప్పుకుంది.

ఆంటీ ఇప్పుడు లేదు. ఆ గది నాకు అప్పగించారు. ఎల్ సాల్వడార్ ఇప్పటికీ చూడలేదు. నచ్చని సరుకును నచ్చలేదనే చెబుతాను, అందులో మొహమాటం లేదు. కానీ పండించిన మనిషి ఎదురుగా ఉంటే, ఆ మాట అనేముందు కప్పులో చివరి చుక్క దాకా తాగుతాను.