నస్రీన్ టీచరు చూపించిన స్టేషన్

మా తెనాలి బడిలో సైన్సు చెప్పే నస్రీన్‌కి నడవడం రాదు, పరుగొక్కటే వచ్చు. 2007 జనవరిలో ఓ రోజు నెట్ సెంటరులో తీయించిన కాగితాలు పట్టుకుని అలాగే పరుగున వచ్చి, ఎనిమిదో తరగతి పిల్లలకు అంతరిక్ష కేంద్రం బొమ్మ చూపించింది. "ఇందులో మనుషులుంటారు. అక్కడే తింటారు, గోడకి కట్టిన సంచిలో నిద్రపోతారు. ఇది ఆగకుండా భూమి చుట్టూ పరిగెడుతూనే ఉంటుంది. దీన్ని స్పేస్ స్టేషన్ అంటారు."

రైల్వే జంక్షన్‌లో పుట్టిన పిల్లలకు స్టేషన్ గురించి ఒకరు చెప్పాలా? సాయి ప్రియ లేచి నిలబడింది. "స్టేషనే పరిగెడతా ఉంటే రైలెట్టా ఎక్కుతారండీ?"

నస్రీన్ బల్ల చరిచి మరీ నవ్వింది. "అదేనమ్మా తమాషా! తెనాలి నుంచి రేపల్లెకి అయిదు సెకన్లు!"

"టిక్కెట్టు కూడా కొట్టలేరండీ!" అన్నారు వెనక బెంచీవాళ్ళు. ఆ గోలకి పక్క గదిలో సోషల్ చెబుతున్న నేను కూడా పాఠం ఆపి వచ్చేశాను.

హెడ్మాస్టరు నరసింహం గారికి మాత్రం కంప్యూటరంటే పడదు. ప్రతి శనివారం పిల్లల్ని నెట్ సెంటరుకు తీసుకెళ్తానని నస్రీన్ నెల రోజులుగా ఆయన ప్రాణం తీస్తోంది. ఆ రోజు ఒక కాగితం ఆయన ముందు పెట్టింది. మర్నాడు ఆ కేంద్రం తెనాలి మీదుగా వెళ్తుందట, టైము 13:14.

"కనబడితే తీసుకెళ్ళమ్మా. లేకపోతే ఇక నెట్ మాటెత్తొద్దు," అన్నారాయన.

"సరేనండి!" అనేసింది. ఒప్పుకునే ముందు ఆలోచించే అలవాటు ఆవిడకు లేదు.

మర్నాడు ఒంటి గంటా పద్నాలుగుకు బడంతా మైదానంలో నిలబడింది. అరచేతులు కళ్ళకు అడ్డం పెట్టుకుని ఎంత వెతికినా ఆకాశంలో ఒక గద్ద మాత్రమే కనబడింది.

"గద్దని చూడ్డానికి నెట్ ఎందుకమ్మా?" అని నరసింహం గారు లోపలికి వెళ్ళిపోయారు. నస్రీన్ మొహం చూస్తే నాకు ఏడుపొచ్చింది.

సాయి ప్రియ కాగితం తీసుకుని చూసింది. "ఇక్కడ జీఎంటీ అని ఉందండీ! మన టైము కావాలంటే అయిదున్నర గంటలు కలపాలని సుశీల టీచరు చెప్పారు గదండీ!"

కలిపితే సాయంత్రం ఆరు నలభై నాలుగు. ఆ కాగితాన్ని అంతకుముందే నేను మూడుసార్లు చదివాను. గ్రీన్విచ్ పాఠం చెప్పిన ఆ సుశీల టీచర్నీ నేనే. దీపం కిందే చీకటన్నది నా గురించే.

పొద్దుగూకేసరికి పిల్లలు తల్లుల్ని కూడా వెంటేసుకుని వచ్చారు. సగం మంది చూడ్డానికి, సగం మంది నవ్వడానికి. నరసింహం గారు కుర్చీ వేయించుకున్నారు. నస్రీన్ నా చెయ్యి నలిపేస్తోంది.

"ఇప్పుడూ రాకపోతే, సుశీలా?"

నందివెలుగు ఊరి వైపు ఓ చుక్క లేచింది. మినుకుమనకుండా, చప్పుడు లేకుండా తిన్నగా మా నెత్తి మీదకే వచ్చింది. "లోపల మనుషులున్నారంట!" అంటూ పిల్లలు గంతులేశారు, చేతులూపారు. తల్లులు చంటిపిల్లల చేతులు కూడా పట్టి ఊపించారు. నరసింహం గారు కుర్చీ తన్నేసి, రేపల్లె వైపు గోడ దాకా దానితోపాటే పరిగెత్తారు. నస్రీన్ నవ్వుతూ ఏడుస్తోంది. నేనేం తక్కువ తిన్నానా, నేనూ అంతే.

ఆయన రొప్పుతూ తిరిగి వచ్చారు. "మళ్ళీ ఎప్పుడొస్తుందమ్మా?"

"నెట్‌లో చూడాలండి," అంది నస్రీన్, మహా వినయంగా.

శనివారం నలభై మంది పిల్లలతో నెట్ సెంటరుకు వెళ్ళాం. అక్కడ ఉన్నవి మూడు కంప్యూటర్లు. రెండింటి ముందు పిల్లలు కిక్కిరిసి కూర్చున్నారు. మూడోదాన్ని హెడ్మాస్టరు గారు వదిలితేగా!