చివరి అక్షరాలు

బోర్డులు రాసే ఆ పెయింటర్‌కి అనుమానం లేనిదే పూట గడవదు. రంగు పలచబడితే షాపువాడి మోసం, బ్రష్షు వెంట్రుక ఊడితే కంపెనీ కుట్ర. అంతటివాడు నమ్మింది ఒక్క బామ్మర్దినే. నిచ్చెన మోసేదీ, గోడ గీకేదీ, అక్షరాలు నిలవడానికి గీతలు కొట్టేదీ, రంగు కలిపేదీ బామ్మర్ది. అక్షరాలు రాసి మీసం మెలేసేది బావ.

కొన్నాళ్లుగా అక్షరాలు మొదట్లో నిండుగా ఉండి, వరస చివరికొచ్చేసరికి చిన్నవైపోతున్నాయి. గీతలు వంకరగా కొడుతున్నాడని బామ్మర్ది మీద గుర్రుగా ఉన్నాడు. ఒకరోజు భోజనానికి బయల్దేరి, మరిచిపోయిన కళ్లజోడు కోసం వెనక్కొచ్చాడు. మందుల షాపు ముందు నిచ్చెనెక్కి, బామ్మర్ది చివరి అక్షరాల మీద బ్రష్షు తిప్పుతున్నాడు.

"నా రాత చెడగొట్టి, నా పని లాక్కుందామనా?"

బామ్మర్ది నిచ్చెన దిగాడు. బ్రష్షు కడిగిపెట్టి వెళ్లిపోయాడు.

తమ్ముణ్ణి వెళ్లగొట్టాడని భార్య మాటలు మానేసింది. అయినా, మొగుడు చొక్కా గుండీలతో కుస్తీ పట్టడం చూడలేక ఆమే ఆస్పత్రికి లాక్కెళ్లింది. డాక్టరమ్మ కాగితమిచ్చి ఏదైనా రాయమంది. వరస చివరికి అక్షరాలు చీమలంత అయ్యాయి. ఇక్కడ గీతలు కొట్టినవాడెవడూ లేడు.

"పార్కిన్సన్స్ అండీ. కదలికల్ని నడిపే మెదడు కణాలు దెబ్బతింటున్నాయి."

"మెదడులో కోట్ల కణాలుంటే, వాటినే ఎందుకు పట్టుకుంది?" ఈవిడేదో దాస్తోందనిపించింది అతనికి.

"పూర్తిగా ఎవరికీ తెలీదు. వాటికి చాకిరీ ఎక్కువ. ఒక్కో కణం కొమ్మలు చాచి లక్షల చోట్లకి కబుర్లు పంపాలి. మీరు పడుకున్నా వాటికి తీరిక లేదు. అంత మోసేవి ముందు కుంగిపోతాయని ఒక ఆలోచన."

పెయింటర్‌కి మందుల షాపు ముందు నిచ్చెన మీదున్న బామ్మర్ది గుర్తొచ్చాడు.

తిరుగుదారిలో తన బోర్డులన్నీ అనుమానంగా తడిమి చూశాడు. ఏది చూసినా చివరి అక్షరాల అంచున రెండో చేతి పూత. అక్కడ అక్షరం పెంచి, ఇక్కడ సందు సర్ది, ఎవరికీ తెలియకుండా తన పరువు నిలబెట్టిన పూత. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇంట్లోంచి బ్రష్షుల సంచి భుజానేసుకుని బామ్మర్ది ఇంటికెళ్లాడు.

"ఎప్పట్నుంచిరా?"

"నిరుడు స్కూలు బోర్డు రాసినప్పట్నుంచి, బావా."

"నాతో ఒక్క మాట చెప్పకూడదా?"

"చెప్తే నమ్మేవాడివా?"

పెయింటర్ భుజం మీంచి సంచి దించాడు. "నమ్మేవాణ్ణి కాదు," అని బ్రష్షుల సంచి బామ్మర్ది చేతిలో పెట్టాడు.