జెండా తాత షెడ్డు

మోటార్లకు తీగ చుట్టే మనిషికి నోటిమాట మీద నమ్మకం తక్కువ. "బాగానే చుట్టానండీ" అంటే మోటారు తిరగదు. చుట్టు లెక్క తప్పితే పొగ వస్తుంది, అంతే. అతను ఆ పని ఎవరి దగ్గరా నేర్చుకోలేదు. కాలిపోయిన మోటార్లు విప్పి, వాటినే గురువులనుకున్నాడు. కంప్యూటర్లో విమానం నడపడమూ అలాగే పట్టుబడింది.

షాపు కట్టేశాక అతని సరదా ఒక్కటే. ఒకప్పుడు టపా విమానాలు తిరిగిన దారులను తెరమీద మళ్ళీ కట్టడం. అవి దిగిన మైదానాలు చాలావరకు గోడౌన్ల కిందా ఇళ్ళ కిందా పోయాయి. పాత సర్వే పటాలు, ఫోటోలు, మిగిలిన పునాదిరాళ్ళు వెతికి, రన్‌వే ఎటు తిరిగి ఉండేదో, విమానాల షెడ్డు ఎంత పొడవో తేల్చేవాడు. ఇదే పిచ్చి ఉన్నవాళ్ళు ఇంటర్నెట్లో ఒక గుంపుగా ఉన్నారు. ఆ గుంపులో అతని మాట సర్వేరాయి.

ఇంట్లో మాత్రం పూచికపుల్ల. అతనుండేది అత్తవారింట్లో. మామగారు అలాంటి ఒక టపా దారిలోని చివరి మైదానంలో కాపలా చేసిన మనిషి. ఒక ఉదయం విమానం దిగబోతుంటే రన్‌వే పడమటి కొసన లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయిందట. కాపలా గది కిటికీలోంచి అది చూసి, ఎర్రజెండా పట్టుకుని పరుగెత్తి, విమానాన్ని మళ్ళీ పైకి లేపించాడట. ఆ కథతోనే వీధంతా ఆయన్ని జెండా తాత అంటుంది. టీకొట్టు బల్లమీద ఆయన చోట ఇంకొకరు కూర్చోరు. ఆ జెండా ఇప్పటికీ పెట్టెలో, బట్టల అడుగున ఉంది.

"ఏమోయ్ అల్లుడూ, కరెంటు పోతే నీ విమానాలు ఎవరి నెత్తిన దిగుతాయి?" అని అన్నం దగ్గర ఆయన అడిగేవాడు. బావమరిది పొలమారేదాకా నవ్వేవాడు.

ఆ చివరి మైదానమే అతనికి మిగిలిన పని. పటంలో రన్‌వే ఉంది, విమానాల షెడ్డు ఉంది. కాపలా గది మరీ చిన్నది, పటానికి ఎక్కలేదు. చివరికి ఒక పాత ఫోటో దొరికింది. పెద్ద షెడ్డు ముందు పనివాళ్ళు వరసగా నిలబడ్డారు. దాని తూర్పు పక్కన, కాస్త వెనగ్గా, కాపలా గది. అతను తెరమీద దాన్ని అక్కడే కట్టి, కిటికీలోంచి పడమటికి చూశాడు. పెద్ద షెడ్డు గోడ తప్ప ఏమీ కనబడలేదు.

అతను నోరు మూసుకుని ఉండగలిగేవాడే. కానీ ఆ ఆదివారం చుట్టాల ముందు మామగారు, "గాల్లో మేడలు కట్టేవాడికి పిల్లనిచ్చాను. అద్దెకైనా పనికిరావు" అన్నాడు.

"రండి మామయ్యా. మీ గదిలోనే కూర్చోబెడతాను," అన్నాడు అల్లుడు.

అందరూ తెర చుట్టూ మూగారు. ముసలాయన తన కిటికీని చూసి మురిసిపోయాడు. "అదేరా నా కిటికీ. చువ్వలతో సహా."

"లారీ ఎక్కడుందో చూపించండి."

ఆయన వేలు తెరమీద గోడ దగ్గర ఆగింది. "గది ఇటు కాదోయ్, ఆ పక్కన. సాయంత్రం ఎండ నా మొహాన కొట్టేది."

"ఫోటో అబద్ధం చెప్పదు మామయ్యా. మనుషులే చెబుతారు."

"అయితే నాన్న గోడలోంచి చూశాడు బావా. మామూలు కళ్ళు కావవి," అన్నాడు బావమరిది. చుట్టాలు నవ్వారు. భార్య నవ్వలేదు. అల్లుడు ఆ నవ్వును చివరిదాకా విన్నాడు. చాలాకాలంగా అది అతని మీదే పడేది.

వారం తిరక్కుండా వీధిలో జెండా తాత పోయి గోడ తాత వచ్చాడు. "తాతా, మా ఇంటి గోడవతల ఎవరున్నారో చెప్పు" అని పిల్లలు వెంటపడేవారు. ఆయన టీకొట్టుకి పోవడం మానేశాడు. తర్వాత అన్నం దగ్గర మాట్లాడటమూ మానేశాడు. అల్లుడికి ఇల్లు ప్రశాంతంగా ఉందనిపించింది.

కొన్ని నెలలకు మైదానం పూర్తయింది. ఫోటోతో సహా గుంపులో పెట్టాడు. మెచ్చుకోళ్ళ మధ్య ఎవరో కుర్రవాడు రాశాడు: "అన్నా, అక్కడ అందరికీ చొక్కా జేబు కుడివైపేనా?"

అతను ఫోటో పెద్దది చేశాడు. ఒక్కొక్కరినీ చూశాడు. ప్రతి జేబూ కుడి రొమ్ము మీదే ఉంది. నెగెటివ్‌ని తిరగేసి అచ్చు వేశారు, ఎడమ కుడైంది. మోటారు తీగను ఎదురు చుట్టినట్టు, లెక్క సరిపోయింది, దిక్కు తప్పింది. గదిని పడమటి పక్కకు జరిపి కిటికీలోంచి చూశాడు. రన్‌వే కొస అరచేతిలో ఉన్నట్టు కనబడింది.

వెంటనే మామగారి గదిలోకి వెళ్ళాడు. "మామయ్యా, తప్పు నాది. ఫోటో తిరగబడింది. మీ గది మీరు చెప్పిన పక్కనే ఉంది. ఎండ కూడా నిజమే. వచ్చి చూడండి."

ముసలాయన మంచం మీంచి లేవలేదు. "ఎందుకులే అల్లుడూ. గోడ అడ్డం కదా."

"గోడ లేదు మామయ్యా."

"ఉంది. నేనూ ఆలోచించాను. కళ్ళు మూసుకుంటే ఇప్పుడు నాకు గోడే కనబడుతోంది. జెండా ఇంకెవరో ఊపి ఉంటారు. చెప్పీ చెప్పీ నేనే ఊపాననుకున్నానేమో."

"అందరి ముందూ నేనే చెబుతాను. జెండా ఇవ్వండి, టీకొట్టుకి వెళదాం."

"అదా? పాతబట్టల మూటలో పెట్టి అమ్మాయి చేత నీ షాపుకి పంపాను. పాతగుడ్డలు కావాలన్నావుగా."

అతను షాపు తెరిచాడు. తీగచుట్లకు పూసే వార్నిష్ డబ్బా పక్కన ఎర్రగుడ్డ పడి ఉంది. గట్టినేత, బాగా తుడుస్తోందని కిందటి వారమే అనుకున్నాడు. వార్నిష్ పీల్చి అట్టలా బిగిసింది. విప్పబోతే మడత దగ్గర విరిగింది.